వెల్డా పంచిన మిగులు

కింకేడ్ చీపుర్ల ఫ్యాక్టరీలో లెక్కలు రాయడానికి చేరేనాటికి వెల్డా ష్రేడర్‌కి ఇరవై ఏళ్ళు. నార్త్ ఆల్డెన్ లాంటి చిన్న ఊళ్ళో ఆ వయసు ఆడపిల్ల ముందు అప్పట్లో పెద్దగా దారులుండేవి కావు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఖాళీ లేదు. పెళ్ళి మాట ఒకటి వచ్చి, వచ్చినట్టే పోయింది. ఆ సోమవారం ఉదయం వాళ్ళ నాన్న పాలబండి మీద తీసుకొచ్చి ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపాడు. లోపల అడుగుపెట్టగానే చీపురు జొన్న వాసన ముక్కుకి తగిలింది. ఎండిన గడ్డి, తడి గోనెసంచి, జొన్నకి అద్దే ఆకుపచ్చ రంగు, మూడూ కలిసిన వాసన. తర్వాత నలభై తొమ్మిదేళ్ళు ఆమె కోట్లకీ, జుట్టుకీ, చివరికి చర్చికి వేసుకెళ్ళే గౌన్లకీ అదే వాసన. ఇప్పుడు ఎక్కడా దొరకదు. పోయినేడు కౌంటీ సంతలో ఎవరో ముసలాయన సరదాకి చీపుర్లు కడుతుంటే, ఆమె అక్కడ నిలబడి ఎంతసేపటికీ కదల్లేదు.

ఆ రోజుల్లో యజమాని పెద్ద ఎమెట్ కింకేడ్. ఆయన పోయాక కొడుకు చిన్న ఎమెట్ వచ్చాడు. అరవై దాటి జుట్టంతా నెరిసినా ఊళ్ళో పాతవాళ్ళకి ఆయన చిన్న ఎమెట్టే. పనివాళ్ళు పంతొమ్మిది మంది. కట్టేవాళ్ళు ఒక వరసలో, కుట్టేవాళ్ళు ఇంకో వరసలో, కిటికీ కింద బల్ల దగ్గర జొన్నపుల్లలు ఏరేవాళ్ళు. వెల్డా గది వాళ్ళ పక్కనే. మధ్యలో అద్దం. ఆమె తలెత్తితే ఐడెల్లా మాక్స్‌వెల్ చేతులు కనబడేవి. పొడుగు పుల్ల ఒక పక్కకి, పొట్టిది ఒక పక్కకి, వంకరది కింద బుట్టలోకి. ఐడెల్లా పెద్ద ఎమెట్ కాలంలోనే చేరిన మనిషి. చూడకుండానే ఏరేది. మాట్లాడుతూనే ఏరేది. భర్త రాయ్ ధాన్యం గోదాము మీంచి పడి నడుము విరిగాక, ఆమె జీతం మీదే ఇల్లు నడిచింది.

ఎనభైల చివర్లో ఫ్యాక్టరీలో రిటైర్మెంట్ ప్లాన్ పెట్టారు. జీతంలోంచి ఎంతో కొంత పక్కన వేసుకుంటే, ముసలితనంలో తీసుకోవచ్చు. వెల్డా ప్రతి డిసెంబరులోనూ ఫారాలు పట్టుకుని బల్ల బల్లకీ తిరిగేది. కుర్రవాళ్ళు జోకులేసేవాళ్ళు, ముసలితనం వస్తే అప్పుడు చూద్దామని. ఐడెల్లా మాత్రం ఫారం తీసుకుని, మర్యాదగా మడిచి, ఏప్రన్ జేబులో పెట్టుకునేది.

"వచ్చే ఏడు చూద్దాంలే వెల్డా," అనేది. "ఈ ఏడు రాయ్ మందులకే పోతోంది."

ఆ వచ్చే ఏడు పదిహేడేళ్ళు రాలేదు.

ఇలాంటి చిన్న ఫ్యాక్టరీల్లో ప్లాన్‌కి ఒక తంటా ఉంది. దాచుకునేవాళ్ళలో యజమానీ, ఆయన ఇంటివాళ్ళే ఎక్కువ. నిధి మొత్తంలో వందకి అరవై పాళ్ళు మించి వాళ్ళదే అయితే, అది పైబరువు ప్లాన్ అని ప్రభుత్వం లెక్క. అప్పుడు యజమాని మిగతావాళ్ళందరికీ, వాళ్ళు ఒక్క సెంటు దాచుకోకపోయినా సరే, జీతంలో నూటికి మూడు చొప్పున తన చేత్తో వెయ్యాలి. దీన్నుంచి తప్పించుకునే దారి రెండువేల రెండులో వచ్చింది. దాచుకున్న ప్రతివాడికీ తన వంతుగా ఇంత జత వేస్తానని యజమాని ముందే రాసిచ్చి, ఆ మాట మీద నిలబడితే, పైబరువు లెక్కే చూడరు. దాన్ని సేఫ్ హార్బర్ అన్నారు. గాలివానలో పడవకి రేవు దొరికినట్టు. షరతు ఒక్కటే. దాచుకున్నదీ, దానికి యజమాని వేసిన జతా తప్ప, ఆ ఏడు ఎవరి ఖాతాలోనూ ఇంకేమీ పడకూడదు.

ఇదంతా చెప్పి, కింకేడ్‌లో ఆ పద్ధతి పెట్టించినవాడు లోవెల్ ప్రాట్. పక్క పట్నంలో ఇలాంటి ప్లాన్ల కాగితాలు చూసిపెట్టే ఆఫీసు ఆయనది. ఏటా ఏప్రిల్‌లో గోధుమరంగు పెట్టెతో వచ్చేవాడు. మాట్లాడే ముందు గొంతు రెండుసార్లు సవరించుకునేవాడు. వెల్డా ఆయన కోసం ముందురోజే పర్సిమన్ పండ్ల పుడ్డింగు చేసి తెచ్చేది. ఆయన లెక్కలు చూసేటప్పుడు ఒక ముక్క, చూశాక ఒక ముక్క తినేవాడు. ఆ ఏప్రిల్ మధ్యాహ్నాలు ఆమెకి ఇప్పటికీ గుర్తే. కిటికీలోంచి కొత్త ఎండ, అవతల కుట్టు మిషన్ల చప్పుడు, ఆయన పెన్సిలు గీతలు.

రెండువేల నాలుగు డిసెంబరులో వెల్డా ఒక పని చేసింది. చేసేటప్పుడు అది పనని కూడా అనిపించలేదు.

అంతకు ముందేడు ఒక సేల్స్ మనిషి ఉద్యోగం మానేసి వెళ్ళాడు. చాలినన్నేళ్ళు చెయ్యలేదు కాబట్టి, యజమాని అతని పేరున వేసినదాంట్లో కొంత అతనికి దక్కలేదు. ఆ మిగులు నిధిలోనే ఒక మూల పడి ఉంది. ఆరువందల చిల్లర డాలర్లు. వెల్డాకి ఏ లెక్కా తెగకుండా ఉండటం ఇష్టం లేదు. పైగా క్రిస్మస్ ముందు. ఆ ఏడు చీపుర్లు బాగా అమ్ముడుపోయాయి. ఎమెట్ కాఫీ కప్పుతో తలుపు దగ్గర నిలబడితే ఆమే అంది, ఈ మిగులుని దాచుకుంటున్నవాళ్ళందరికీ జీతాల చొప్పున పంచేద్దామా అని. మీకూ కొంత వస్తుంది, రోజలీకీ వస్తుంది, కుట్టేవాళ్ళకి తలా ముప్పయ్యో నలభయ్యో వస్తుంది, బాగుంటుంది కదా అంది. రోజలీ అంటే ఆయన భార్య. ఉత్తరాలూ, ఆర్డర్లూ ఆవిడే చూసేది.

ఎమెట్ ఊఁ అని వెళ్ళిపోయాడు. వెల్డా పంచేసింది. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తుంటే మంచు పడుతోంది. మనసు ఎంతో తేలిగ్గా ఉంది.

ఏప్రిల్‌లో లోవెల్ ప్రాట్ వచ్చాడు. పుడ్డింగు మొదటి ముక్క తింటూ కాగితాలు తిప్పాడు. ఒక కాగితం దగ్గర ఆగాడు. వెనక్కి తిప్పాడు. చెంచా కింద పెట్టాడు. గొంతు సవరించుకుని ఈ పంపకం ఎవరు చెయ్యమన్నారని అడిగాడు. వెల్డా తనేనని చెప్పింది. ఆయన కాగితం ఆమె వైపు తిప్పాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. మిగులు పంచడమంటే ఖాతాల్లో ఇంకోటి వెయ్యడమే. దాంతో ఆ ఏటికి రేవు పోయింది. కింకేడ్ ఇంటివాళ్ళ వాటా వందకి డెబ్భై ఒకటి. కాబట్టి డిసెంబరు ముప్పై ఒకటిన పనిలో ఉన్న ప్రతివాడికీ, దాచుకున్నా దాచుకోకపోయినా, నూటికి మూడు దక్కాలి. జత పడినవాళ్ళకి అది ఎలాగూ దాటింది. ఏమీ దాచుకోని తొమ్మిది మందికి మొత్తం కొత్తగా వెయ్యాలి.

వెల్డా కాగితం మీద లెక్క వేసింది. ఆరువేల పైచిలుకు. ఎమెట్ కొత్త కుట్టు మిషను కోసం పక్కన పెట్టుకున్నదాంట్లో దాదాపు సగం.

"నేను చెప్తాలెండి ఎమెట్‌కి," అన్నాడు ప్రాట్. "ఇలాంటివి నాకు అలవాటే."

"వద్దు," అంది వెల్డా. "చేసింది నేను. చెప్పేదీ నేనే."

ఆ రోజు ఆయన రెండో ముక్క తినలేదు. ముప్పై ఏడేళ్ళలో వెల్డా చేతి లెక్క తప్పడం అదే మొదటిసారి. తప్పని కూడా అనలేం. కూడికలన్నీ సరిగానే ఉన్నాయి. అదే ఆమెని ఎక్కువ బాధ పెట్టింది. కూడిక తప్పయితే రబ్బరుతో చెరిపెయ్యొచ్చు.

ఎమెట్ గిడ్డంగిలో జొన్నకట్టల బరువు చూస్తున్నాడు. వెల్డా అక్కడికే వెళ్ళి, నిలబడే అంతా చెప్పింది. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని గబగబా చెప్పేసింది. ఆయన విని, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అయితే మంచి చేసినందుకు జరిమానా అన్నమాట."

"జరిమానా కాదు. నియమం. మంచి చేద్దామన్నది నేను. మీరు ఊఁ అన్నారంతే." ఒక్క క్షణం ఆగింది. "కావాలంటే నా జీతంలోంచి కోసుకోండి. లేదా ఇంకొకర్ని చూసుకోండి. నేనేమీ అనుకోను."

 ఆయన నేరుగా లోపలికి వెళ్ళి, కోటు విప్పి, ఖాళీగా ఉన్న మిషను ముందు కూచుని చీపుర్లు కట్టడం మొదలుపెట్టాడు. కోపం వస్తే ఆయన చేసే పని అదే, తండ్రి నేర్పిన పని. ఆ మధ్యాహ్నం ఇరవై మూడు కట్టాడు. ఆయన కోపంగా కట్టిన చీపురు ఎంత గట్టిగా ఉండేదంటే, కట్టేవాళ్ళు వాటిని విడిగా పెట్టి, మెత్తటివి కావాలంటే ఆయన నవ్వే రోజు దాకా ఆగాలని చెప్పుకునేవాళ్ళు. సాయంత్రం వెళ్తూ వెల్డా తలుపు దగ్గర ఆగాడు.

"ఎవరికెంతో రాసివ్వు. రేపు చెక్కు మీద సంతకం పెడతాను. ఇంకోసారి ఆ ఉద్యోగం మానేసే మాట ఎత్తకు. నువ్వు లేకపోతే ఈ ప్రాట్‌తో ఎవరు మాట్లాడతారు?"

వెల్డా ఆ రాత్రి అన్నం ముందు కూచుని ఏడ్చింది. ఎందుకో ఆమెకే తెలియదు.

మే నెలలో తొమ్మిది మందికీ కవర్లు వచ్చాయి. ఖాతా తెరిచినట్టు, అందులో ఇంత వేసినట్టు. ఎనిమిది మంది చూసి, సంతోషించి, ఇంటికి పట్టుకుపోయారు. ఐడెల్లా మాత్రం మర్నాడు పొద్దున్నే కవరు పట్టుకుని వెల్డా గదిలోకి వచ్చింది. అప్పుడక్కడ ఎమెట్ కూడా ఉన్నాడు.

"ఇది నాది కాదు," అంది కవరు బల్ల మీద పెట్టి. "నేనెప్పుడూ ఏమీ వెయ్యలేదు. వెయ్యకుండా ఎలా వస్తుంది? పేరు తప్పు పడి ఉంటుంది. చూసి సరిచెయ్యి."

వెల్డా చెప్పబోయింది. ఎమెట్ చెయ్యి అడ్డం పెట్టాడు. తనే చెప్తానన్నాడు. ఎందుకో ఆ క్షణంలో అది ఆయన పని అనిపించింది కాబోలు. కుర్చీ లాగి ఐడెల్లాని కూచోమన్నాడు. ఆమె కూచోలేదు. ఆయన నిలబడే చెప్పాడు. నిధి గురించి, రేవు గురించి, పంచిన మిగులు గురించి. తక్కెడలో ఒక పక్క ఎక్కువ బరువుంటే రెండో పక్క కొంత వెయ్యమంటారు, ఇదీ అదేనన్నాడు.

ఐడెల్లా ఓపిగ్గా వింది.

"ఎక్కువ బరువు ఎవరిది?"

"మాదే. అంటే నాది, రోజలీది, మా అమ్మాయిది."

"ఎంత?"

ఎమెట్ వెల్డా వైపు చూశాడు. వెల్డా కాగితాల వైపు చూసింది.

"వందలో డెబ్భై ఒకటి," అన్నాడు ఆయన చివరికి.

ఐడెల్లా అద్దంలోంచి తన బల్ల వైపు చూసింది. కిటికీ కింద కూచునేందుకు బెంచీ, ఇన్నేళ్ళ రాపిడికి నున్నగా అయిపోయిన చెక్క.

"చిన్న ఎమెట్, నీకు ఆరేళ్ళప్పుడు మీ నాన్న నిన్ను ఆ బల్ల కింద కూచోబెట్టి వెళ్ళేవాడు. నేను వంకర పుల్లలిస్తే గుర్రాలు చేసుకునేవాడివి. గుర్తుందా?"

"గుర్తుంది."

"ఇన్నేళ్ళు ఏరింది మేం, కట్టింది వాళ్ళు, కుట్టింది అటు పక్కవాళ్ళు. బరువు మాత్రం అంతా మీ వైపు ఎలా నడిచి వెళ్ళిందో నాకర్థం కాదు. నేనేమీ అనటం లేదు. అడుగుతున్నాను, అంతే."

ఆమె గొంతులో కోపం లేదు.  ఆమె కవరు తీసుకుంది. నాదే అయితే ఉంచుకుంటాలే అంది. వెళ్ళి పుల్లలు ఏరుకుంది.

ఎమెట్ ఆ రోజు చీపుర్లు కట్టలేదు. చాలాసేపు కారులో కూచుని, ఇంజను వెయ్యకుండా, గేటు వైపు చూస్తూ ఉండటం వెల్డా కిటికీలోంచి చూసింది.

ఆ ఏడు వేసవంతా దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. మొక్కజొన్న కోతలు అయిపోయాయి. నవంబరులో వెల్డా ఎప్పటిలాగే వచ్చే ఏటి నోటీసు టైపు చెయ్యాలి. డిసెంబరు మొదటి తారీఖులోపు అది పనివాళ్ళందరి చేతుల్లో ఉండాలి. పాత నోటీసులో తేదీ మార్చి ఎమెట్ ముందు పెట్టింది. మిగులు ఉంటే ఇకమీదట ప్లాన్ ఖర్చులకే వాడాలని ప్రాట్‌తో ఒక వాక్యం కూడా రాయించింది. మళ్ళీ అలాంటిది జరగదని చెప్పింది.

ఎమెట్ చదివి, అద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"ప్రాట్ ఒకసారి ఇంకో పద్ధతి చెప్పాడు కదా. జత కాకుండా, అందరికీ వేసేది."

"చెప్పాడు. దాచుకున్నా లేకపోయినా అందరికీ నూటికి మూడు. దానికీ రేవు ఉంటుంది. పైబరువు గొడవ కూడా అందులోనే తీరిపోతుంది. కానీ మీకు ఖర్చెక్కువ. అప్పుడే వద్దన్నారు."

"ఎంత ఎక్కువ?"

వెల్డా చెప్పింది. ఆమె దగ్గర ఆ లెక్క సిద్ధంగానే ఉంది. ఎందుకు వేసుకుని ఉంచుకుందో అడగలేదాయన. ఆ అంకె వంక చూస్తూ, రోజలీ ఏమంటుందో అని గొణిగాడు. తర్వాత నవ్వాడు.

"రోజలీ అంటూనే ఉంది. మే నెల నుంచీ. ఆ ఐడెల్లా మాట ఆవిడకి చెప్పడమే నేను చేసిన పొరపాటు. కొత్త నోటీసు కొట్టు. మిషను ఇంకో రెండేళ్ళు లాగుతుందిలే."

వెల్డా కొత్త నోటీసు మూడుసార్లు టైపు చేసింది. మొదటి రెండూ తప్పు పోయి కాదు, ఒక్క మచ్చ కూడా ఉండకూడదని. ఫారాలు పంచడానికి వెళ్ళినప్పుడు ఐడెల్లా అలవాటు ప్రకారం మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకోబోయింది.

"ఈసారి వచ్చే ఏడు అనక్కర్లేదు," అంది వెల్డా. "ఇది నువ్వు వేసేది కాదు. నీకు వేసేది."

ఐడెల్లా కాగితం మళ్ళీ విప్పి, వెలుతురుకి పట్టుకుని, పెదవులు కదుపుతూ మొత్తం చదివింది. పుల్లలు ఏరే చేతులు అంతసేపు ఆగడం వెల్డా ఎప్పుడూ చూడలేదు.

అన్నీ తిన్నగా జరిగాయని కాదు. కొత్త మిషను రెండేళ్ళకి కాదు, నాలుగేళ్ళకి వచ్చింది. ఈలోగా పాతదాంతో కుట్టేవాళ్ళు నానా తిట్లూ తిన్నారు, తిట్టారు. బాగా దాచుకునే ఇద్దరికి జత పోయి కొంచెం తగ్గింది. వాళ్ళు కొన్నాళ్ళు వెల్డాతో ముభావంగా ఉన్నారు. రెండువేల ఎనిమిదిలో, నిధి పెట్టిన షేర్ల బజారు కూలినప్పుడు అందరి ఖాతాలూ కుంగిపోయాయి. ఐడెల్లా కాగితం తెచ్చి, వేసినదానికన్నా తక్కువుందేంటని అడిగింది. ఆగు, చూద్దాం అంది వెల్డా. మళ్ళీ పెరిగింది.

ఐడెల్లా డెబ్భై ఏళ్ళదాకా పనిచేసింది. అప్పటికి రాయ్ లేడు. ఆమె ఖాతాలో పోగయింది పెద్ద మొత్తమేమీ కాదు. దాంతో ఇంటి వెనక వరండాకి దోమతెరలు వేయించింది. నేలకి కొత్త చెక్కలు పరిపించింది. పెళ్ళయిన కొత్తలో రాయ్ వేయిస్తానని అన్నాడట. వేసవి సాయంత్రాల్లో వెల్డా అక్కడికి వెళ్ళేది. ఐడెల్లా ఐస్‌టీ ఇచ్చేది. పక్కింటి పొలంలో మొక్కజొన్న ఆకులు గాలికి గరగరలాడుతుంటే ఇద్దరూ ఎక్కువ మాటల్లేకుండా కూచునేవాళ్ళు. ఒకసారి ఐడెల్లా, ఈ వరండా సగం నీ తప్పేనని నవ్వింది. వెల్డా కూడా నవ్వింది.

రెండువేల పదిహేడులో ఫ్యాక్టరీ మూశారు. ఎమెట్ కూతురికి ఈ వ్యాపారం మీద ఇష్టం లేదు. బయటి దేశాల నుంచి వచ్చే ప్లాస్టిక్ చీపుర్లతో పోటీ పడే ఓపిక ఎమెట్‌కి లేదు. ప్లాన్ ముగించే కాగితాల కోసం ప్రాట్ చివరిసారి వచ్చాడు. చాలా ముసలివాడైపోయాడు. పుడ్డింగు ముక్క నెమ్మదిగా తిన్నాడు. ముగింపు లెక్కల్లో పైబరువు పరీక్ష అక్కర్లేదన్నాడు. వెల్డా మాత్రం ఊరికే చూడాలని ఒక చిత్తుకాగితం మీద వేసింది. కింకేడ్ ఇంటివాళ్ళది వందకి యాభై ఎనిమిది, అరవైకి లోపే. ప్రాట్ ఆ అంకె చూసి, గొంతు సవరించుకుని, ఆ కాగితం మడిచి తన పెట్టెలో పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ భవనంలో ట్రాక్టర్ల విడిభాగాలు అమ్ముతున్నారు. ఎమెట్ రెండేళ్ళ కిందట పోయాడు. ఐడెల్లా అంతకు ముందే. వెల్డా గురువారాలు రైలుపట్టాల పక్క హోటల్లో కాఫీ తాగుతుంది. ఫ్యాక్టరీలో కుట్టిన వాళ్ళలో మిగిలిన ముగ్గురు కూడా వస్తారు. ఎమెట్ కోపంగా కట్టిన చీపుర్ల గురించి మాట్లాడుకుంటారు. వాళ్ళలో ఒకాయన ఇంట్లో అలాంటిది ఇంకా ఒకటుంది, ఇరవై ఏళ్ళవుతున్నా పుల్ల ఊడలేదు. ఆయన దాన్ని వాడడు, గోడకి ఆనించి ఉంచుతాడు. భార్య దుమ్ము పట్టిందని పారేయమంటోందట.